కెనడా పీఆర్ రిజెక్ట్ అయితే: రిఫ్యూజల్ లెటర్ వచ్చిన రోజు నుంచి వరుసగా చేయాల్సిన పనులు

కెనడా పీఆర్ (శాశ్వత నివాస హక్కు) రిజెక్ట్ అయినవాళ్లు దాదాపు అందరూ మొదట అడిగేది ఒకటే: "మళ్లీ వేయాలా, కోర్టుకు వెళ్లాలా?" దీనికి జవాబు లెటర్‌లో ఉండదు. ఫైలులో ఉంటుంది. ఎందుకు రిజెక్ట్ చేశారో సరిగ్గా తెలియకుండా ఏ దారి పట్టినా డబ్బు, కాలం రెండూ పోతాయి.

ఈ గైడ్ ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో, అంటే పాయింట్లను బట్టి పీఆర్‌కు పిలిచే ఆన్‌లైన్ పద్ధతిలో వేసినవాళ్ల కోసం. ఇందులోకి వచ్చేవి ఫెడరల్ స్కిల్డ్ వర్కర్, కెనడియన్ ఎక్స్‌పీరియెన్స్ క్లాస్, ఎక్స్‌ప్రెస్ ఎంట్రీతో ముడిపడిన ప్రావిన్స్ నామినేషన్. ఫ్యామిలీ స్పాన్సర్‌షిప్, క్యూబెక్ ప్రోగ్రాముల రూల్స్ వేరు, వాటిని ఇక్కడ కలపడం లేదు.

## 1. వచ్చింది ఏ లెటరో ముందు తేల్చుకోండి

"రిజెక్ట్ అయింది" అని చెప్పే వాళ్లందరికీ నిజంగా రిఫ్యూజల్ రాలేదు. ఐఆర్‌సీసీ (కెనడా ఇమిగ్రేషన్ శాఖ) నుంచి వచ్చే లెటర్లు మూడు రకాలు. ఒక్కోదానికి చేయాల్సిన పని పూర్తిగా వేరు.

ఫైలు వెనక్కి పంపిన లెటర్. ఏదో డాక్యుమెంట్ లేదనో, ఫారం పూర్తి కాలేదనో రెగ్యులేషన్స్ సెక్షన్ 10 కింద ఫైలును పరిశీలించకుండానే తిప్పి పంపుతారు. ఇది రిఫ్యూజల్ కాదు. కట్టిన ఫీజు వెనక్కి వస్తుంది. కానీ మీ ఇన్విటేషన్ (పీఆర్‌కు అప్లై చేయమని వచ్చిన పిలుపు) గడువు దాటిపోయి ఉంటుంది కాబట్టి మళ్లీ పూల్‌లోకి, అంటే ఇన్విటేషన్ కోసం ఎదురుచూసే ప్రొఫైళ్ల జాబితాలోకి వెళ్లాలి.

ప్రొసీజరల్ ఫెయిర్‌నెస్ లెటర్. అందరూ పీఎఫ్ఎల్ అంటారు. ఇది నిర్ణయం కాదు. ఆఫీసర్‌కు ఒక అనుమానం వచ్చింది, మీ జవాబు అడుగుతున్నాడు. లెటర్‌లో ఇచ్చిన గడువులోపు జవాబు పంపకపోతే తర్వాత వచ్చేది రిఫ్యూజలే. మీ చేతిలో ఉన్నది ఇదైతే అదృష్టమే అనుకోండి, ఫైలు ఇంకా బతికే ఉంది. నేరుగా 9వ భాగానికి వెళ్లండి.

రిఫ్యూజల్ లెటర్. ఇందులో ఏ సెక్షన్ కింద తిరస్కరించారో రాసి ఉంటుంది. ప్రాసెసింగ్ ఫీజు తిరిగి రాదు. రైట్ ఆఫ్ పర్మనెంట్ రెసిడెన్స్ ఫీజు అని విడిగా కట్టినది మాత్రం వెనక్కి ఇస్తారు.

లెటర్‌లో కనిపించే సెక్షన్ నంబర్లకు అర్థం ఇదీ:

- ఆర్ 75: స్కిల్డ్ వర్కర్ అర్హత, ఎక్కువగా ఉద్యోగ అనుభవం దగ్గరే
- ఆర్ 76: 67 పాయింట్ల మార్కు, లేదా చూపాల్సిన డబ్బు
- ఆర్ 87.1: కెనడియన్ ఎక్స్‌పీరియెన్స్ క్లాస్ అర్హత
- ఏ 11.2: ఇన్విటేషన్ వచ్చినప్పటి పాయింట్లు లేదా అర్హత ఫైలులో రుజువు కాలేదు
- ఏ 16(1): అడిగిన డాక్యుమెంట్ ఇవ్వలేదు, లేదా నిజం చెప్పలేదన్న అనుమానం
- ఏ 36: క్రిమినల్ కేసులు
- ఏ 38: ఆరోగ్య కారణాలు
- ఏ 40: తప్పుడు సమాచారం
- ఏ 42: మీ మీద అభ్యంతరం లేదు, మీ కుటుంబ సభ్యుడి మీద ఉంది

ఏ అంటే చట్టం, ఆర్ అంటే దాని కింద వచ్చిన రెగ్యులేషన్స్. లెటర్‌లో ఏ 40 అన్నది కనిపిస్తే మిగతా గైడ్ చదవడం ఆపి ముందు లాయర్‌ని పట్టుకోండి.

## 2. అదే రోజు తేదీలన్నీ ఒక కాగితం మీద రాయండి

ఏం చేయాలో తేల్చుకోకముందే గడువులు పరుగెడుతుంటాయి. ఫెడరల్ కోర్టుకు వెళ్లే హక్కుకు చట్టం ఇచ్చిన సమయం చాలా తక్కువ: నిర్ణయం కెనడాలోపల తలెత్తినదైతే 15 రోజులు, బయటిదైతే 60 రోజులు. లెటర్ మీకు అందిన తేదీ నుంచి లెక్క.

మీరు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నా ఫైలు చూసిన ఆఫీసు కెనడాలోనే ఉండవచ్చు. అప్పుడు 15 రోజులా, 60 రోజులా అన్న వాదన పెట్టుకోవడం కంటే 15 రోజులే అనుకుని కదలడం మంచిది. గడువు దాటాక జడ్జి ప్రత్యేక కారణాలు చూసి సమయం పెంచవచ్చు. అయితే దాని మీద ఆధారపడే పరిస్థితి తెచ్చుకోకండి.

రాయాల్సిన తేదీలు:

- రిఫ్యూజల్ అందిన తేదీ, దానికి 15వ రోజు, 60వ రోజు
- ఐఈఎల్‌టీఎస్, సెల్పిప్ లేదా పీటీఈ కోర్ ఇంగ్లిష్ పరీక్ష ఫలితానికి రెండేళ్లు నిండే తేదీ
- ఈసీఏ రిపోర్ట్ (మీ డిగ్రీ కెనడాలో దేనికి సమానమో చెప్పేది) వచ్చి 5 ఏళ్లు నిండే తేదీ
- పాస్‌పోర్ట్ ఎక్స్‌పైరీ
- మీ తర్వాతి పుట్టినరోజు
- కెనడాలో ఉంటే వర్క్ పర్మిట్ లేదా స్టడీ పర్మిట్ ముగిసే తేదీ

పుట్టినరోజు ఎందుకంటే, 30వ ఏట నుంచి సీఆర్‌ఎస్ స్కోరులో (ఎవరికి ఇన్విటేషన్ ఇవ్వాలో తేల్చే పాయింట్లు) ఏటా సుమారు 5, 6 పాయింట్లు వయసు కిందే పోతాయి. 40 దాటాక కోత ఇంకా పెద్దది. కటాఫ్ అంచున ఉన్నవాళ్లకు మళ్లీ వేయడం ఎప్పుడన్నది ఈ ఒక్క తేదీయే తేలుస్తుంది.

## 3. పంపిన ఫైలు మొత్తం తెచ్చుకోండి, నోట్స్‌కు అప్లై చేయండి

ముందు మీరు సరిగ్గా ఏం పంపారో మీ దగ్గర ఉండాలి. మీ అకౌంట్‌లోకి వెళ్లి సబ్మిట్ చేసిన ఫారాలు, అప్‌లోడ్ చేసిన ప్రతి పీడీఎఫ్, ఐఆర్‌సీసీతో జరిగిన మెసేజ్‌లు అన్నీ ఒక ఫోల్డర్‌లో దించుకోండి.

ఇక్కడే చాలామందికి చిక్కు. ఫైలు కన్సల్టెంట్ వేశాడు, అకౌంట్ అతని చేతిలో ఉంది, మీరు పంపిన పత్రాలు తప్ప అతను నింపిన ఫారాలు మీరు ఎప్పుడూ చూడలేదు. మొహమాటపడకుండా ఈమెయిల్ మీదే అడగండి: సబ్మిట్ చేసిన ఫారాల కాపీ, అప్‌లోడ్ లిస్టు, ఐఆర్‌సీసీ నుంచి వచ్చిన లెటర్లన్నీ. ఫోన్లో అడిగితే "చూద్దాం సార్" అన్నదాంతో వారం గడిచిపోతుంది. మీ తరఫున ఏం రాశారో చూడకుండా మళ్లీ అప్లై చేయడం కంటే ప్రమాదం ఇంకోటి లేదు, ఎందుకంటే రెండో ఫైలును మొదటి ఫైలుతో పోల్చి చూస్తారు.

రెండో పని, జీసీఎంఎస్ నోట్స్. ఆఫీసర్ మీ ఫైలు చూస్తూ కంప్యూటర్‌లో రాసుకున్నవి ఇవి. లెటర్‌లో రెండు లైన్లు ఉంటే నోట్స్‌లో అసలు కారణం ఉంటుంది. కెనడాలో ఉన్నవాళ్లు యాక్సెస్ టు ఇన్ఫర్మేషన్ చట్టం కింద 5 కెనడియన్ డాలర్లు కట్టి అడగవచ్చు. ప్రైవసీ చట్టం కింద అయితే ఫీజు లేదు. 2022 జులై నుంచి కెనడా బయట ఉన్నవాళ్లు కూడా ఈ దారిలో స్వయంగా అడగవచ్చు. అప్లికేషన్‌లో "నోట్స్‌తో పాటు పూర్తి ఎలక్ట్రానిక్ ఫైలు" అని స్పష్టంగా రాయండి, లేకపోతే నోట్స్ మాత్రమే వస్తాయి.

చట్టం ప్రకారం 30 రోజుల్లో ఇవ్వాలి, తరచూ ఆలస్యమవుతుంది. కాబట్టి నోట్స్ వచ్చేదాకా ఆగి కోర్టు సంగతి ఆలోచిద్దాం అనుకుంటే 15 రోజుల గడువు ఎప్పుడో పోతుంది. దీనికి ఒక దారి ఉంది. కారణాలు రాతపూర్వకంగా అందలేదని చెబుతూ కోర్టులో దరఖాస్తు వేస్తే, కోర్టు రిజిస్ట్రీయే ఐఆర్‌సీసీని ఆ కారణాలు పంపమని అడుగుతుంది.

## 4. ఒకే ప్రశ్న వేసుకోండి: ఆ కాగితం ఆఫీసర్ ముందు ఉందా?

నా దృష్టిలో గైడ్ మొత్తానికి ఇదే కీలకం. రిజెక్షన్‌కు చెప్పిన కారణం తీసుకోండి. దాన్ని తప్పని రుజువు చేసే కాగితం మీరు పంపిన ఫైలులో ఆ రోజుకే ఉందా?

ఉంది, ఆఫీసర్ చూడలేదు లేదా తప్పుగా చదివాడు. రీకన్సిడరేషన్ (నిర్ణయాన్ని మళ్లీ చూడమని అడగడం), ఫెడరల్ కోర్టు మీ కోసమే. ఉదాహరణకు డ్యూటీలు లేవని రాశారు, కానీ లెటర్ రెండో పేజీలో డ్యూటీలు ఉన్నాయి.

లేదు, కానీ ఇప్పుడు తెచ్చి చూపగలను. మళ్లీ అప్లై చేయండి. కోర్టు కొత్త కాగితాలు చూడదు. నిర్ణయం తీసుకున్న రోజు ఆఫీసర్ ముందు ఏముందో అదే చూస్తుంది.

అసలు అర్హతే లేదు. ఏడాది అనుభవం నిండలేదు, భాష పరీక్షలో సీఎల్‌బీ 7 (కెనడా భాషా స్థాయి) రాలేదు. అర్హత వచ్చేదాకా ఆగాలి, వేరే దారి లేదు.

ఫైలులో అబద్ధం ఉందని అంటున్నారు. లాయర్.

రిఫ్యూజల్ చూసి ఆవేశపడేవాళ్లలో ఎక్కువమంది తమది మొదటి రకం అనుకుంటారు, కాగితాలు తీస్తే రెండో రకం అవుతుంది. అన్యాయం జరిగిందన్న భావన నిజమే కావచ్చు, కానీ ఫైలులో లేని కాగితాన్ని ఆఫీసర్ చూడలేదని నిందించలేం.

## 5. ఫైళ్లు పడిపోయే చోట్లు, సరిచేసే పద్ధతి

### 5.1 ఎక్స్‌పీరియెన్స్ లెటర్

ఎక్కువ ఫైళ్లు దెబ్బతినేది ఇక్కడే. ఐఆర్‌సీసీ అడిగే లెటర్‌లో ఇవన్నీ ఉండాలి: కంపెనీ లెటర్‌హెడ్, చిరునామా, ఫోన్, ఈమెయిల్, సంతకం చేసినవారి పేరు, హోదా, మీరు చేసిన ప్రతి పోస్టు, తేదీలు, వారానికి గంటలు, జీతం, ముఖ్యమైన డ్యూటీలు. మన కంపెనీల హెచ్‌ఆర్ ఇచ్చే రిలీవింగ్ లెటర్‌లో పేరు, హోదా, తేదీలు తప్ప ఏమీ ఉండవు. "మా పాలసీ ప్రకారం డ్యూటీలు రాయం" అంటారు.

హెచ్‌ఆర్ ఇవ్వనంటే వరుసగా ఇలా చేయండి:

1. డ్యూటీలు రాయమని హెచ్‌ఆర్‌కు ఈమెయిల్ పెట్టండి. కుదరదన్న జవాబును దాచండి, అదే సాక్ష్యం.
2. మీ మేనేజర్ చేత డ్యూటీలు, గంటలు, తేదీలతో లెటర్ రాయించండి. అతని బిజినెస్ కార్డు లేదా ఉద్యోగ రుజువు జత చేయండి.
3. అదీ కాకపోతే మీతో పనిచేసిన సీనియర్ చేత స్టాంప్ పేపర్ మీద నోటరీ అఫిడవిట్.
4. దాంతో పాటు ఆఫర్ లెటర్, ప్రమోషన్ లెటర్లు, పే స్లిప్పులు, ఫారం 16, జీతం పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్, యూఏఎన్ పాస్‌బుక్, సర్వీస్ హిస్టరీ.
5. ఇదంతా ఎందుకు ఇస్తున్నారో ఒక పేజీ వివరణ లెటర్. ఇది లేకపోతే పైవన్నీ విడివిడి కాగితాలుగానే మిగిలిపోతాయి.

డ్యూటీలు రాయించేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు, ఎన్ఓసీ (కెనడా ఉద్యోగాల వర్గీకరణ) వెబ్‌సైట్‌లోని లైన్లను అక్షరం పొల్లుపోకుండా దింపడం. అలాంటి లెటర్‌ను ఆఫీసర్లు నమ్మరు, నమ్మలేదని నోట్స్‌లో రాస్తారు కూడా. మీరు వాడిన టెక్నాలజీ, ప్రాజెక్టు, టీమ్‌లో మీ పాత్ర మీ మాటల్లో ఉండాలి. చదివినవాళ్లకు అది ఎన్ఓసీలోని ముఖ్య వివరణకు, ఎక్కువ డ్యూటీలకు సరిపోతుందని తెలియాలి.

కోడ్ ఎంచుకోవడం కూడా చూడండి. 2022 నవంబర్ 16 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఎన్ఓసీ 2021 కోడ్లు వాడుతున్నారు. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు, డిజైనర్లు 21231, డెవలపర్లు, ప్రోగ్రామర్లు 21232, టెస్టింగ్ టెక్నీషియన్లు 22222. మాన్యువల్ టెస్టింగ్ చేసిన వ్యక్తి హోదాలో ఇంజనీర్ అని ఉంది కదా అని 21231 పెడితే, డ్యూటీలు దానికి సరిపోవు. హోదా కాదు, పని ముఖ్యం.

ఇంకో సంగతి, తేదీలు. "సుమారు మూడేళ్లు" అని లెక్కేసి మూడేళ్ల పాయింట్లు తీసుకున్నారు. లెటర్ ప్రకారం కొన్ని రోజులు తక్కువ. పాయింట్లు మళ్లీ లెక్కిస్తే స్కోరు ఆ డ్రా (ఇన్విటేషన్లు ఇచ్చే విడత) కటాఫ్ కంటే కిందికి పడుతుంది, ఏ 11.2 కింద రిఫ్యూజల్. రోజుల్లో లెక్కపెట్టండి, జీతం లేని సెలవులు తీసేయండి.

### 5.2 చూపించాల్సిన డబ్బు

బ్యాంక్ లెటర్‌లో అకౌంట్ నంబర్లు, తెరిచిన తేదీలు, ఇప్పటి బ్యాలెన్స్, గత 6 నెలల సగటు బ్యాలెన్స్, ఉన్న అప్పులు ఉండాలి. బ్రాంచ్‌లో ఇచ్చే మామూలు బ్యాలెన్స్ సర్టిఫికెట్‌లో సగటు, అప్పులు ఉండవు. కావాల్సిన ఫార్మాట్ టైప్ చేసి పట్టుకెళ్లి మేనేజర్‌కు ఇవ్వండి. ఒప్పుకోకపోతే స్టాంప్ వేసిన 6 నెలల స్టేట్‌మెంట్, వివరణ లెటర్ జత చేయండి.

మన ఇళ్లలో డబ్బు ఉండేది పొలంలో, బంగారంలో, చిట్టీలో. పొలం, ఫ్లాటు విలువ లెక్కలోకి రాదు. అప్పు తెచ్చిన డబ్బు చెల్లదు, కాబట్టి గోల్డ్ లోన్ తీసి అకౌంట్‌లో వేసినా లాభం లేదు. చిట్టీ పాడుకున్న డబ్బైతే పాడిన తర్వాత కట్టాల్సిన నెలవారీ వాయిదాలు మిగిలే ఉంటాయి, దాన్ని దాచకండి. చిట్టీ ఒప్పందం, పేమెంట్ రసీదు జత చేసి మిగిలిన వాయిదాలెన్నో రాయండి. నాన్న పొలం అమ్మి ఇచ్చిన డబ్బైతే రిజిస్టర్డ్ సేల్ డీడ్, ఆయన అకౌంట్ నుంచి మీకు పడిన ఎంట్రీ, తిరిగి ఇవ్వక్కర్లేదని గిఫ్ట్ డీడ్. అకౌంట్ మీ పేరు మీద ఉండాలి. జీవిత భాగస్వామితో జాయింట్ అకౌంట్ పర్వాలేదు, తల్లిదండ్రుల అకౌంట్ కుదరదు.

కుటుంబ సంఖ్య లెక్కలో కెనడాకు రాని భార్య లేదా భర్త, పిల్లలు కూడా కలుస్తారు. ఎంత చూపాలన్న పట్టిక ఏటా మారుతుంది, అప్లై చేసే రోజు ఐఆర్‌సీసీ సైట్‌లో ఉన్నదే చూడండి. ఈ డబ్బు వీసా వచ్చేదాకా ఉండాలి, సబ్మిట్ చేసిన మర్నాడు తీసేస్తే మళ్లీ కథ మొదటికొస్తుంది.

### 5.3 పేర్లు

పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్ట్‌లో చివర, డిగ్రీలో కేవలం ఇనీషియల్. మనకిది మామూలే, కెనడా ఆఫీసర్‌కు ఇద్దరు మనుషుల్లా కనిపిస్తుంది. పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో ఫారాల్లో అలాగే రాయండి. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, ఫారంలో ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలో రాసి రెండో గడి ఖాళీగా వదలాలి. అన్ని రూపాలూ ఒకే వ్యక్తివని నోటరీ అఫిడవిట్ ఒకటి తయారుగా ఉంచండి.

### 5.4 పోలీస్ క్లియరెన్స్, మెడికల్, భాష పరీక్ష

ఇండియా పీసీసీ పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ద్వారా వచ్చేది కావాలి, లోకల్ పోలీస్ స్టేషన్ సర్టిఫికెట్ చాలదు. గత 10 ఏళ్లలో వరుసగా 6 నెలలు, ఆపైన ఉన్న ప్రతి దేశం నుంచీ అడుగుతారు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్లు దీన్ని చివరికి వదిలేసి ఇబ్బంది పడతారు. దేశం వదిలొచ్చాక తెప్పించడం చాలా కష్టం. ఎంతకీ రాకపోతే మీరు ప్రయత్నించిన రసీదులు, ఈమెయిల్స్‌తో వివరణ లెటర్ పెట్టండి, ఖాళీగా వదలకండి.

2025 ఆగస్టు 21 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో మెడికల్ ముందే చేయించుకుని ఫైలుతో పాటే పెట్టాలి. ఐఈఎల్‌టీఎస్ అయితే జనరల్ ట్రైనింగ్, అకడమిక్ చెల్లదు. పరీక్ష ఫలితం అప్లై చేసే రోజుకు కూడా రెండేళ్లలోపుదై ఉండాలి.

### 5.5 కుటుంబ సభ్యులు

పెళ్లికాని ప్రొఫైల్‌తో ఇన్విటేషన్ వచ్చింది, ఈలోగా పెళ్లి కుదిరింది. ముహూర్తం కెనడా ప్రాసెసింగ్ టైమ్ చూసుకుని రాదు కదా. పెళ్లయిన వెంటనే ఐఆర్‌సీసీకి చెప్పాలి, భార్యను లేదా భర్తను ఫైలులో చేర్చాలి. చెప్పకుండా ల్యాండ్ అయితే ఆ వ్యక్తిని తర్వాత స్పాన్సర్ చేయడానికి రూల్ 117(9)(డి) అడ్డు వస్తుంది, దానికి తోడు సమాచారం దాచారన్న ఆరోపణ. విడిపోయిన భార్య దగ్గర ఉన్న పిల్లలైనా సరే, వెంట రాకపోయినా సరే, ఫారంలో రాయాల్సిందే.

## 6. రీకన్సిడరేషన్ అడగడం

ఇది హక్కు కాదు, విన్నపం. ఆఫీసర్ చూడవచ్చు, చూడకపోవచ్చు. ఫీజు లేదు. ఐఆర్‌సీసీ వెబ్ ఫారంలో పంపాలి. ముఖ్యంగా గుర్తుంచుకోండి, ఇది వేసినందుకు కోర్టు గడువు ఆగదు.

లెటర్ ఒకటి, రెండు పేజీలు మించకూడదు:

- మొదటి పేరాలో అప్లికేషన్ నంబర్, యూసీఐ (ఐఆర్‌సీసీ మీకు ఇచ్చిన క్లయింట్ నంబర్), రిఫ్యూజల్ తేదీ
- రిఫ్యూజల్ లెటర్‌లోని కారణం, ఉన్నదున్నట్టు
- దానికి జవాబు చెప్పే పేజీ మీ ఫైలులో ఎక్కడుందో: ఏ పీడీఎఫ్, ఎన్నో పేజీ
- ఆ పేజీ కాపీ, అప్‌లోడ్ చేసిన తేదీకి రుజువు
- ఏం కోరుతున్నారో ఒక వాక్యం

ఎంత కష్టపడి చదివారో, ఇంట్లో ఎంత బాధపడుతున్నారో రాయకండి. తప్పు ఎక్కడుందో ఆఫీసర్‌కు రెండు నిమిషాల్లో కనబడాలి, అంతే.

## 7. ఫెడరల్ కోర్టు

ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ రిఫ్యూజల్‌కు అప్పీల్ లేదు. ఇమిగ్రేషన్ అప్పీల్ డివిజన్ అనేది స్పాన్సర్‌షిప్ వంటివాటికే. మీకున్నది జ్యుడీషియల్ రివ్యూ, అంటే ఆఫీసర్ నిర్ణయం సరైన పద్ధతిలో జరిగిందా అని కోర్టు చూడటం. రెండు మెట్లు: మొదట లీవ్, అంటే కేసు వినడానికి అనుమతి. అది దొరికితే వాదనలు. దాఖలు ఫీజు 50 కెనడియన్ డాలర్లే, అసలు ఖర్చు లాయర్‌ది.

గెలిస్తే పీఆర్ వస్తుందనుకోకండి. ఫైలు వేరే ఆఫీసర్ దగ్గరికి తిరిగి వెళ్తుంది, కొత్తగా నిర్ణయిస్తారు. కొన్ని కేసుల్లో ప్రభుత్వ లాయర్లే తప్పు ఒప్పుకుని, విచారణకు ముందే ఫైలు తిరిగి తెరవడానికి రాజీ పడతారు.

నా అభిప్రాయం: మీ స్కోరు ఇప్పటికీ కటాఫ్ పైన ఉంటే, కోర్టు కంటే కొత్త ఫైలే త్వరగా తేలుతుంది. వయసు వల్ల స్కోరు పడిపోయి మళ్లీ ఇన్విటేషన్ వచ్చే ఆశ లేనివాళ్లకు, ప్రావిన్స్ నామినేషన్ పోగొట్టుకున్నవాళ్లకు, ఏ 40 పడినవాళ్లకు కోర్టు విలువైనది. కోర్టులో కేసు నడుస్తున్నా కొత్త ప్రొఫైల్ వేసుకోవచ్చు.

## 8. మళ్లీ అప్లై చేసే వరుస

పాత ఇన్విటేషన్ అయిపోయింది. కొత్త ప్రొఫైల్, కొత్త డ్రా, కొత్త ఇన్విటేషన్, ఆ తర్వాత 60 రోజులు. ఈ 60 రోజుల్లో కాగితాలు సేకరిద్దామనుకుంటే పాత తప్పులే మళ్లీ జరుగుతాయి. కాగితాలు ముందు, ప్రొఫైల్ తర్వాత.

1. రిఫ్యూజల్ కారణానికి జవాబు చెప్పే డాక్యుమెంట్ ముందు సంపాదించండి. అది చేతికి రాకుండా ముందుకు కదలకండి.
2. పాత ఫారాలు పక్కన పెట్టుకుని కొత్తవి నింపండి. చిరునామాలు, ఉద్యోగ తేదీలు, ప్రయాణాలు మారితే ఎందుకు మారాయో వివరణ రాయండి.
3. స్కోరు మళ్లీ లెక్కించండి. జాబ్ ఆఫర్ పాయింట్లు 2025 మార్చి 25 నుంచి లేవు, పాత లెక్క పట్టుకోకండి.
4. నామినేషన్‌తో వేసి ఉంటే ఆ ప్రావిన్స్‌కు వెంటనే రాయండి. ఆలస్యం చేస్తే ఆ దారి కూడా మూసుకుంటుంది.
5. ఇన్విటేషన్ వచ్చాక, ఫైలుతో పాటు ఒక కవర్ లెటర్: ఫలానా తేదీన రిఫ్యూజ్ అయింది, కారణం ఇది, ఈసారి ఈ పేజీలో ఈ రుజువు ఉంది.

"ఎప్పుడైనా వీసా గానీ పర్మిట్ గానీ తిరస్కరించారా, కెనడా లేదా మరే దేశమైనా?" అన్న ప్రశ్నకు అవును అనే రాయాలి. కెనడాది ఎలాగూ వాళ్లకు తెలుసు. అమెరికా ఎఫ్1, బీ1 రిజెక్షన్లు కూడా రాయండి. రెండు దేశాలూ సమాచారం ఇచ్చిపుచ్చుకుంటాయి. పదేళ్ల కిందటి అమెరికా రిజెక్షన్ వల్ల పీఆర్ పోదు, దాన్ని దాచినందుకు పోతుంది.

## 9. పీఎఫ్ఎల్, మిస్‌రెప్రజెంటేషన్ (తప్పుడు సమాచారం)

ఏ 40 పడితే 5 ఏళ్లు కెనడాలోకి ప్రవేశం ఉండదు, ఆ కాలంలో పీఆర్‌కు అప్లై చేయనివ్వరు. అందుకే పీఎఫ్ఎల్ వచ్చిన రోజే సీరియస్‌గా తీసుకోవాలి.

గడువు చాలకపోతే, అది ముగియకముందే వెబ్ ఫారంలో సమయం పెంచమని కారణంతో అడగండి. జవాబులో ఆఫీసర్ లేవనెత్తిన ప్రతి అంశానికీ విడిగా సమాధానం, ప్రతి సమాధానానికీ కాగితం ఉండాలి.

"కన్సల్టెంట్ తప్పు రాశాడు, నాకు తెలియదు" అన్న వాదన దాదాపు నిలబడదు. మీ ఫైలులో ఉన్నదానికి మీదే బాధ్యత అని కోర్టులు పదేపదే చెప్పాయి. నిజాయితీగా, సహేతుకంగా పొరపడ్డానని రుజువు చేయడానికి చాలా ఇరుకైన దారి ఉంది, అది లాయర్ నడపాల్సిన దారి.

అమీర్‌పేటలో దొరికే "ఎక్స్‌పీరియెన్స్ పెట్టిస్తాం" బేరం గురించి కూడా ఒక మాట. పీఎఫ్ రికార్డు, ఫారం 16, జీతం పడిన అకౌంట్ మూడూ కలవకపోతే ఆ లెటర్ నిలవదు. కంపెనీకి ఫోన్ చేసి అడుగుతారు కూడా. అలాంటి లెటర్ ఇప్పటికే ఫైలులో ఉంటే కొత్తగా ఏ కాగితమూ పంపకముందే లాయర్‌తో మాట్లాడండి. ఒక అబద్ధాన్ని కాపాడటానికి పంపే రెండో కాగితం కేసును ఇంకా పాడుచేస్తుంది.

## 10. కెనడాలోనే ఉన్నవాళ్లు

పీఆర్ రిజెక్ట్ అయినంత మాత్రాన చేతిలో ఉన్న వర్క్ పర్మిట్ రద్దు కాదు. దాని మీద రాసిన తేదీదాకా పనిచేయవచ్చు. బ్రిడ్జింగ్ పర్మిట్ (పీఆర్ ఫైలు తేలేదాకా పనిచేయడానికి ఇచ్చేది) కూడా అంతే, కానీ దాన్ని పొడిగించడానికి పెండింగ్‌లో పీఆర్ ఫైలు ఉండాలి. స్టేటస్ పోతే 90 రోజుల్లోపు రెస్టొరేషన్‌కు, అంటే స్టేటస్ తిరిగి ఇమ్మని అప్లై చేయవచ్చు. అది వచ్చేదాకా పని చేయకూడదు.

## 11. ఎవరి సాయం తీసుకోవాలి

డబ్బు తీసుకుని మీ తరఫున మాట్లాడే హక్కు ఉన్నది కెనడా లాయర్లకు, అక్కడి లా సొసైటీలో సభ్యులైన పారాలీగల్స్‌కు, క్యూబెక్ నోటరీలకు, కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్‌లో నమోదైన ఆర్‌సీఐసీలకే (లైసెన్స్ ఉన్న కన్సల్టెంట్లు). కాలేజ్ వెబ్‌సైట్‌లో పేరు వెతికి, లైసెన్స్ ఇప్పుడు చెల్లుతోందో లేదో చూడండి. ఫెడరల్ కోర్టుకైతే ఆర్‌సీఐసీ సరిపోరు, లాయరే కావాలి.

ఫీజు కట్టేముందు అడగాల్సినవి:

- లైసెన్స్ నంబర్ ఎంత? ఫైలు చూసేది ఆయనేనా, ఆఫీసులో ఇంకెవరైనానా?
- ఐఎంఎం 5476 ఫారంలో రిప్రజెంటేటివ్‌గా పేరు పెడతారా? పెట్టనంటే అక్కడే లేచి వచ్చేయండి.
- సబ్మిట్ చేసేముందు నింపిన ఫారాలన్నీ నాకు చూపిస్తారా?
- నోట్స్ చదివి ఫలానా కారణమని రాతలో ఇస్తారా?

నోట్స్ చూడకుండానే "గ్యారంటీగా తెప్పిస్తాం" అన్నవాళ్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

## 12. సబ్మిట్ బటన్ నొక్కేముందు

- పాత రిఫ్యూజల్ కారణానికి జవాబు ఏ పేజీలో ఉందో వేలు పెట్టి చూపగలరా?
- ప్రతి ఉద్యోగం తేదీలు లెటర్, పీఎఫ్, ఫారం మూడింట్లో ఒకటేనా?
- వారానికి గంటలు, జీతం, డ్యూటీలు ప్రతి లెటర్‌లో ఉన్నాయా?
- 6 నెలల సగటు, అప్పులు బ్యాంక్ లెటర్‌లో ఉన్నాయా? పెద్ద మొత్తాలకు ఆధారం ఉందా?
- గతంలో తిరస్కరించిన ప్రతి వీసా రాశారా?
- వెంట రానివాళ్లతో సహా కుటుంబ సభ్యులందరూ ఉన్నారా?
- ఇంగ్లిష్‌లో గానీ ఫ్రెంచ్‌లో గానీ లేని ప్రతి కాగితానికీ సర్టిఫైడ్ అనువాదం, అనువాదకుడి అఫిడవిట్ ఉన్నాయా?
- ప్రతి పీడీఎఫ్ తెరిచి చూశారా? అడ్డంగా స్కాన్ అయిన పేజీలు, కోసుకుపోయిన అంచులు, ఒకదాని బదులు ఇంకొకటి అప్‌లోడ్ అయిన ఫైళ్లు లేవు కదా?
- మొత్తం ఫైలు కాపీ, సబ్మిట్ అయినట్టు వచ్చిన కన్ఫర్మేషన్ మీ సొంత ఈమెయిల్‌లో దాచుకున్నారా?